కూతునకే సూదిమందా?

నిరుటి వేసవిలో జనగామలో నా చిన్ననాటి మిత్రుని యింట రెండు దినములు గడపితిని. ఆయన ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఇంటికి దినపత్రికలు రెండు వచ్చును. కట్నము పుచ్చుకొనక పెండ్లాడినవాడని మా స్నేహితులలో ఆయనకు పేరు గలదు. పదుమూడేండ్ల కూతురు, పదునొకండేండ్ల కొడుకు. ఆ సాయంకాలము ఆయన కూతును వైద్యుని యొద్దకు గొనిపోయి, గర్భాశయ ముఖమున పుట్టు క్యాన్సరునుండి కాపాడు టీకా వేయించుకొని వచ్చెను. నేను మెచ్చుకొంటిని. వసారాలో చేటతో బియ్యము చెరుగుచున్న ఆయన తల్లి తలయెత్తి, "బిడ్డకు సూది ఏయించినవు, మంచిగనే ఉన్నది. మరి పిలగానికేది?" అని అడిగెను.

"గది ఆడోళ్ల జబ్బే అమ్మా. వానికెందుకు?"

"ఆడోళ్ల జబ్బయితే ఆడదానికి ఎక్కడికెల్లి వచ్చె రా? చెట్టుకు కాసిందా?"

మిత్రుడు నవ్వి నావంక జూచెను. నేనును నవ్వితిని. ఉత్తరమీయవలసిన యిద్దఱమును నవ్వి తప్పించుకొంటిమి. చదువుకొన్నవారి నవ్వులలో సగము ఇట్టివే. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆ ముసలమ్మకు నాడు చెప్పని యుత్తరమును ఇప్పుడు చెప్పదలచితిని. ఆమె కొడుకువంటి గృహస్థులు ఈ పత్రిక చదువువారిలో అనేకులున్నారని నేనెఱుగుదును గనుక, మాట కొంచెము కటువుగా నుండినను చదువరులు సైరింతురుగాక.

ఈ వ్యాధికి మూలము హ్యూమన్ పాపిలోమా వైరసు. వైద్యులు క్లుప్తముగా హెచ్.పి.వి. అందురు. ఇందు రెండువందలకు పైగా రకములు గలవు. పెక్కు రకములు మనకే కీడును చేయవు. కొన్ని పులిపిరులను పుట్టించును. ఏ పదునాలుగో మాత్రము క్యాన్సరునకు దారితీయును. అందులో 16, 18 అను సంఖ్యలు గల రెండు రకములే లోకములోని గర్భాశయ ముఖ క్యాన్సరులలో నూటికి సుమారు డెబ్బదింటికి కారణములు. ఈ సంగతిని 1983, 84 సంవత్సరములలో జర్మను దేశీయుడైన హరాల్డ్ జుర్ హౌసెన్ పండితుడు బయటపెట్టెను. ఆయనకు 2008లో నోబెలు బహుమానము వచ్చినది. ఈ వైరసు నీటిలో రాదు, గాలిలో రాదు. చర్మము చర్మమునకు సోకుటచే, ముఖ్యముగా స్త్రీపురుష సంపర్కముచే వచ్చును. పురుషుని నుండి స్త్రీకిని, స్త్రీ నుండి పురుషునకును వచ్చును. పెండ్లియాడి కాపురము చేయు సామాన్యులలో అధికసంఖ్యాకులకు జీవితములో నొకప్పుడిది సోకియే యుండును. సోకినట్లు వారికి తెలియదు. ఒకటి రెండేండ్లలో శరీరము దానినెట్లో వెడలగొట్టును. కొందఱు స్త్రీలలో మాత్రము అది పోక నిలిచి, పదియేండ్లో ఇరువదియేండ్లో లోలోపల పనిచేసి, నలుబదవ యేటనో యేబదవ యేటనో క్యాన్సరై బయటపడును.

ఈ కాలవ్యవధిని చదువరులు మఱవకుందురుగాక. నలువదియైదేండ్ల యిల్లాలికి ఈ వ్యాధి కనబడినచో, దాని విత్తనము ఆమె కాపురమునకు వచ్చిన తొలిదినములలో పడి యుండవచ్చును. భర్త యెఱుగడు, ఆమె యెఱుగదు, ఏ వైద్యుడును ఇది ఫలానివారి వలన, ఫలాని నాడు వచ్చినదని చెప్పజాలడు.

ఐనను మన యిండ్లలో నింద యెవరి మీద పడుచున్నదో వేరుగా చెప్పవలయునా? తెల్లబట్ట యని, రక్తస్రావమని చెప్పుకొనుటకే సిగ్గుపడి, అత్తతో చెప్పిన నేమనునో, భర్త వినిన నేమి శంకించునో యని మూడేండ్లు మూటగట్టుకొని, చివరకు నడుము నిలువలేనప్పుడు వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికిని, అటనుండి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికిని చేరు స్త్రీలు భూపాలపల్లి అడవి గ్రామములనుండియు వచ్చుచున్నారు, జనగామ పట్టణపు వీథులనుండియు వచ్చుచున్నారు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ వారి లెక్కప్రకారము 2022లో భారతదేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కనబడినది. దాదాపు 80,000 మంది దీనిచే మరణించిరి. ముందుగా పట్టుకొన్నచో నయమగు వ్యాధిలో ఇన్ని మరణములకు వ్యాధి యెంత కారణమో సిగ్గును అంత కారణము.

1842లో ఇటలీ దేశపు వెరోనా నగరమున రిగోనీ స్టెర్న్ అను వైద్యుడు ఆ నగరపు మరణముల చిట్టాలను వెదకి యొక విచిత్రమును కనుగొనెను. గర్భాశయ క్యాన్సరు పెండ్లియైన స్త్రీలలో హెచ్చుగాను, మఠములలోని సన్న్యాసినులలో మిక్కిలి అరుదుగాను ఉండెనట! వైరసు పేరైనను ఎవరును ఎఱుగని కాలమది. సన్న్యాసినికి లేనిదియు గృహిణికి ఉన్నదియు నేమి? మా మిత్రుని తల్లి బియ్యము చెరుగుచు అడిగినదియు ఇదియే. మనదేశములోనే, తమ జీవితమున భర్తను తప్ప వేఱొక పురుషు నెఱుగని స్త్రీలకు ఈ వ్యాధి యెట్లు వచ్చుచున్నదని కొందఱు పరిశోధకులు విచారించి, భర్తల నడవడియే ప్రధాన కారణముగా నున్నదని 1993లో ప్రకటించిరి. పతివ్రతకు సైతము తప్పని వ్యాధియని దీని యర్థము. అట్టి వ్యాధికి "ఆడవారి జబ్బు" అను పేరు పెట్టి పురుషుని లెక్కలోనుండి తీసివేయుట, వరదకు కాలువ గట్టు తెగిన దనుచు చెఱువు మాట యెత్తకుండుట వంటిది.

ఇక టీకా మాట. 2006నుండి లోకమున ఈ టీకా గలదు. 2008లో మనదేశమున అనుమతింపబడినది. వైరసు సోకకముందు వేసినచో మిక్కిలి బలముగా కాపాడును. సోకిన పిమ్మట దానిని పోగొట్టజాలదు. అందుచేతనే తొమ్మిదినుండి పదునాలుగేండ్ల లోపల వేయవలయునని నియమము. దీని ఫలమెట్టిదో స్వీడను దేశపు లెక్కలు 2020లో తెలిపినవి. పదునేడేండ్లకు ముందే టీకా పొందిన స్త్రీలలో ఈ క్యాన్సరు నూటికి ఎనుబదియెనిమిది పాళ్లు తగ్గినది. స్కాట్లండులో పండ్రెండు, పదుమూడేండ్ల ప్రాయమున టీకా పొందినవారిలో ఒక్కరికైనను ఈ క్యాన్సరు వచ్చినట్లు కనబడలేదని 2024లో వెల్లడియైనది. మా తాతల కాలమున రాచపుండన్న యమపాశమే. ఒక రాచపుండును సూదిమొనతో ఆపవచ్చునని అప్పటివారికి చెప్పియుండినచో నమ్మి యుందురా?

మన ప్రాంతమున దీనికి నమ్మకము తక్కువ. కారణము లేకపోలేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరులో చాలవఱకు పాత వరంగల్లు జిల్లానుండి ఏర్పడినవి. మహబూబాబాదులో చేరిన గార్ల, బయ్యారము మండలములు అంతకుముందు ఖమ్మము జిల్లాలోనివి. మరిపెడ దాటి ఖమ్మము మార్గమున పోయినచో తిరుమలాయపాలెము వచ్చును. ఆ తిరుమలాయపాలెమునను, కొత్తగూడెము, భద్రాచలము మండలములందును జరిగిన యొక పని యీ సీమలో నేటికిని మఱపునకు రాలేదు. 2009 జులైలో పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కలసి ఆ మూడు మండలములలో పది పదునాలుగేండ్ల ఆడపిల్లలకు, 14,000 మందికి పైగా, ఈ టీకా వేయించిరి. గుజరాతు రాష్ట్రములోని వడోదర జిల్లాలోను అట్లే జరిగినది. కొన్ని నెలలలో కొందఱు బాలికలు చనిపోయిన వార్తలు వచ్చినవి. 'సమ' అను మహిళాసంస్థవారు 2010 మార్చిలో భద్రాచలము వచ్చి విచారించిరి. ఏప్రిలులో ఆ కార్యక్రమము ఆపివేయబడినది. రెండు రాష్ట్రములలోను కలిపి మరణములు ఏడు. కేంద్రప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 2011లో నివేదిక యిచ్చెను. నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు త్రాగుట, మలేరియా మున్నగు కారణములచే జరిగిన మరణములకు టీకాతో సంబంధము లేదనియు, తక్కిన వానికిని సంబంధ ముండుట మిక్కిలి అసంభావ్యమనియు ఆ సంఘము తేల్చినది.

ఇంతవరకు చెప్పి "చూచితిరా, టీకా నిర్దోషి!" అని చేతులు దులుపుకొనువారు కొందఱున్నారు. వారితో నాకు పొత్తు లేదు. టీకా నిర్దోషియైనంత మాత్రమున టీకా వేసినవారు నిర్దోషులగుదురా? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము సమర్పించిన నివేదికను చదువుడు. ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన 9,543 సమ్మతిపత్రములను పరిశీలింపగా, 1,948 మీద వేలిముద్రలు మాత్రమే యున్నవి. 2,763 మీద వసతిగృహముల వార్డెనులు సంతకములు చేసిరి. ఒక కోయ తల్లి, ఒక లంబాడీ తండ్రి తమ బిడ్డను చదువుకొమ్మని వసతిగృహమునకు పంపినారు. ఆ బిడ్డ శరీరముపై వార్డెను సంతకము చేసినాడు! వార్డెను అన్నము పెట్టించును, హాజరు వేయును. తల్లిదండ్రుల హక్కు ఆయనకెవ్వరిచ్చిరి? జనగామలోని ఉపాధ్యాయుని కూతునకు టీకా వేయుటకు ఎవరైనను ప్రధానోపాధ్యాయుని సంతకముతో సరిపెట్టుకొన సాహసింతురా? టీకా వేసిన పిమ్మట ఆ పిల్లల బాగోగులు చూచు ఏర్పాటును సరిగా లేదని ఆ నివేదికయే చెప్పుచున్నది. పేదలు భయపడినది అజ్ఞానముచేత ననుట అన్యాయము. అడుగక చేసిన మేలును మేలని నమ్ముమనుట వారి బుద్ధిని అవమానించుట.

ఆ 2010 ఏప్రిలు ఉత్తరువునకు మఱియొక ఫలము కలిగినది. అది యెవ్వరును కోరినది కాదు. 2009లోనే అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు మనదేశమున తొమ్మిది కేంద్రములలో, అందొకటి హైదరాబాదు, పెండ్లికాని ఆడపిల్లలపై వేఱొక పరిశోధన మొదలిడియుండిరి. ఈ టీకా మూడు మోతాదులు వేయవలయునా, రెండు చాలునా యనునది దాని ప్రశ్న. ఖమ్మము కలకలమువలన ఆ పరిశోధనలోని టీకాలును నడుమ ఆగిపోయినవి. 17,000 మందికి పైగా పిల్లలలో దాదాపు ఐదువేల మందికి ఒక్క మోతాదు మాత్రమే పడి యుండెను. పరిశోధకులు వారిని విడువక పదియేండ్లు పరీక్షించుచు వచ్చిరి. 2021లో ఫలితము ప్రకటింపబడినది. 16, 18 రకముల వైరసు శరీరమున నిలిచిపోకుండ కాపాడుటలో ఒక్క మోతాదు నూటికి తొంబదియైదు పాళ్లు పనిచేసినది. రెండు, మూడు మోతాదులకంటె ఏమాత్రమును తీసిపోలేదు. ఈ పరిశోధనను, ఇతర దేశములలోని పరిశోధనలను జూచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో, తొమ్మిదినుండి ఇరువదియేండ్ల వారికి ఒక్క మోతాదైనను వాడవచ్చునని చెప్పినది. ఆడపిల్లలకును, మగపిల్లలకును ఒకే మాట.

ఇప్పుడు లెక్క చూడుడు. ఒకప్పుడు ఒక ఆడపిల్లకు మూడు మోతాదులు కావలసినవి, పిదప రెండనిరి, ఇప్పుడొకటి చాలునన్నారు. ఒక బాలిక వంతున మిగిలిన ఆ రెండవ మోతాదు ఎవరిది? మన తెలుగు బాలికలు పడిన కష్టమునుండి, ఆగిపోయిన యొక పనినుండి పుట్టిన మిగులు అది. దానిని ఖజానాలో దాచుట కంటె ఆ బాలిక అన్నదమ్ముల భుజమున వేయుట న్యాయమని నేను వాదించుచున్నాను.

"ముందు ఆడపిల్లలందఱికి కానిండు, మగవారి మాట తరువాత" అను ఆక్షేపణ గలదు. ఆక్షేపణలలో ఇదియొక్కటే గౌరవింపదగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆడపిల్లలనే మొదటి వరుసలో నిలిపినది. 2019లో టీకాల కొఱతచే, మగపిల్లల కార్యక్రమములను కొంతకాలము వాయిదా వేయుడని కూడ కోరినది. మన కేంద్రప్రభుత్వమువారును 2024 ఫిబ్రవరి 1వ తేది బడ్జెట్టు ప్రసంగమున తొమ్మిదినుండి పదునాలుగేండ్ల ఆడపిల్లల మాటయే చెప్పిరి. ప్రభుత్వపు సొమ్ము ముందు ఆడపిల్లకే పోవలయు ననుటలో నాకు వివాదము లేదు. ఒక్కటే మోతాదుండి యిద్దఱు పిల్లలున్నచో నేనును కూతునకే యిత్తును. నా తగవు ఇవతలివారితో. సొంత డబ్బుతో కూతునకు వేయించి, అదే దుకాణమున అదే మందు దొరకుచుండగా కొడుకునకు వలదను గృహస్థునకు ఏ కొఱత అడ్డము వచ్చినది? ఆయన కొడుకునకు బైకు కొనిపెట్టుటలో ఎన్నడైనను కూతు వంతు ముందు చూచెనా?

వేరొక మాట. ఆడపిల్లలకు మాత్రము వేసినచో లోకమంతయు రక్షింపబడునని లెక్క కట్టువారు, నూటికి ఎనుబది తొంబది మంది ఆడపిల్లలకు టీకా అందునని ముందు అనుకొందురు. అంతమందికి అందినచోట ఆ మాట చాలవఱకు నిజమే. ఆస్ట్రేలియాలో 2007లో ఆడపిల్లలకు మాత్రమే మొదలిడగా, కొలదికాలములో యువకులలోను పులిపిరులు తగ్గినవి. ఐనను ఆ దేశమువారు 2013నుండి మగపిల్లలకును వేయుచున్నారు. ఇంగ్లండువారు 2019లో అట్లే చేసిరి. ఇక ఫిన్లండులో ముప్పదిమూడు చోట్ల పరీక్షించి చూచిరి. అక్కడ ఆడపిల్లలలో సగముమందికైనను టీకా పడలేదు. అట్టిచోట్ల మగపిల్లలకును కలిపి వేసినపుడు, టీకా పొందని ఆడపిల్లలలో సైతము కొన్ని రకముల వైరసు తగ్గినది. ఆడపిల్లలకే వేసినచోట ఆ మేలు అంతగా కనబడలేదు.

మన మూడు జిల్లాలు ఆస్ట్రేలియావలె నుండునా, ఆ ఫిన్లండు గ్రామములవలె నుండునా? పాఠశాలలో వేయు టీకా పాఠశాలకు వచ్చిన పిల్లకే అందును. మహబూబాబాదు తండాలలో మిరపకాయ కోతల కాలమున, పత్తి తీయు దినములలో బడికిరాని బాలిక కలదు. మహదేవపురము, పలిమెల వైపు అడవి గూడెములలో ఆఱవ తరగతితో చదువు మానిన బాలిక కలదు. తల్లిదండ్రులతో పనికై పట్టణములకు పోయి ఏ ఊరి హాజరుపట్టీలోను పేరు లేని బాలిక కలదు. టీకా తప్పిపోవునది ఈ పిల్లలకే. అందఱికంటె ముందుగా పెండ్లి జరుగునదియు ఈ పిల్లలకే. నలువదవ యేట పరీక్ష చేయించుకొనుటకు ఏ ఆసుపత్రికిని రాలేనివారును వీరే. ఆమెను మనము వెదకి పట్టుకొనలేకపోయినను, ఆమెను పెండ్లాడబోవు బాలుడు భూపాలపల్లిలో గనికార్మికుని కొడుకై, పాలకుర్తిలో చదువుకొను విద్యార్థియై మన కన్నుల యెదుటనే యుండవచ్చును. వాని భుజమున పడిన సూది ఆమెకును కొంత కాపు.

రుబెల్లా టీకా విషయమున ఈ పాఠము మనకు ముందే తెలిసినది. రుబెల్లా మగవానికి నాలుగుదినముల జ్వరము, పొక్కులు, అంతియే. గర్భిణికి వచ్చినచో కడుపులోని శిశువునకు చెవుడు, గ్రుడ్డితనము, గుండెజబ్బు. ఇంగ్లండువారు 1970నుండి బడిపిల్లలలో ఆడపిల్లలకే ఆ టీకా వేసిరి. వ్యాధి మగపిల్లలలో తిరుగుచునే యుండెను, గర్భిణులకు సోకుచునే యుండెను. 1988లో తెలివి తెచ్చుకొని ఇరువురికిని వేయ మొదలిడిరి. మన తెలంగాణమున 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లాలకు టీకా వేసినప్పుడు తొమ్మిది నెలల పాపలనుండి పదునేనేండ్ల లోపు పిల్లలవఱకు ఆడ, మగ భేదము లేక వరుసగా నిలువబెట్టి వేసిరి. "వీడేమి గర్భము ధరించునా?" అని ఒక్క తండ్రియైనను అడిగినట్లు నేను వినలేదు. అక్కడ అడుగని ప్రశ్న ఇక్కడ అడుగుచున్నారు. ఏల? రుబెల్లాలో సిగ్గుపడవలసిన దేమియు లేదు. ఇక్కడ స్త్రీపురుష సంపర్కమను మాట వచ్చును. ఆ మాట రాగానే ఆ భారమును ఆడుదాని మీదికి త్రోయుట మన పూర్వాచారము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు వేశ్యల మేళములను ఖండించినప్పుడు, మేళమునకు పోవు పెద్దమనుష్యుని విడిచి ఆడుదానినే నిందించుట న్యాయమా యను ప్రశ్న నాటి సమాజమునకు ఎదురైనది. ఆ ప్రశ్న ఇంకను తీఱలేదు.

ఆడపిల్లకు మాత్రమే వేయుటలో వేరొక కీడును గలదు. దానిని తల్లులు బాగుగా ఎఱుగుదురు. ఊరిలో ఒక పిల్లకు ఈ టీకా వేయించినారన్నచో "ఏల వేయించిరో!" అని ఒక గుసగుస. "అది పెండ్లికిముందు తిరుగువారికట!" అని మఱియొకతె. తరగతిలోని పిల్లలందఱును, ఆడవారును మగవారును, ఒకే దినమున చేతులు చాపి వేయించుకొన్నచో ఆ గుసగుసకు చోటే యుండదు. పోలియో చుక్కలకు ఎవరైనను శంకించిరా? అందఱికిని వేసినది ఎవరికిని మచ్చ కాదు.

"టీకా వేసిన పిల్లలు భయము లేక చెడుదురు" అనువారికి ఎక్కువ కాలము వెచ్చింపను. అనేక దేశములలో ఈ సంగతిని విచారించి చూచిరి. టీకా పొందిన పిల్లల నడత మాఱినట్లు కనబడలేదు. ధనుర్వాతపు సూది వేయించుకొన్నవాడు త్రుప్పుపట్టిన మేకులు వెదకికొని త్రొక్కుచున్నాడా? ఈ టీకాచే సంతానము కలుగదను పుకారునకును ఆధారము లేదు. చేయి నొచ్చును, ఒక్కొక్కనికి జ్వరము తగులును, కొందఱు పిల్లలు సూదికి జడిసి స్పృహ తప్పుదురు గనుక పావుగంటసేపు కూర్చుండబెట్టవలయును. "విదేశపు కంపెనీల వ్యాపారము" అనునది ఒకప్పుడు కొంత నిజమే. 2022 జులైలో పూనాలోని సీరమ్ ఇన్‌స్టిట్యూటువారు తయారుచేసిన సర్వావాక్ అను టీకాకు మన ప్రభుత్వపు అనుమతి వచ్చినది. 2023 జనవరిలో విడుదలయైనది. ఆ అనుమతిలో తొమ్మిదినుండి ఇరువదియాఱేండ్ల బాలురును యువకులును ఉన్నారన్న సంగతిని ఎందఱు తండ్రులు గమనించిరో నేనెఱుగను. అమ్ముడుపోవు కరపత్రములమీద ఆడపిల్ల బొమ్మయే యుండును.

మగవానికి స్వంతమేలు లేదనుకొనుటయు పొరపాటే. ఇదే వైరసు పురుషుని గొంతులోను, మలద్వారమునను, పురుషాంగమునను క్యాన్సరును పుట్టించును. జననాంగములపై పులిపిరులను పుట్టించును. అమెరికా దేశమున ఈ వైరసువలన పురుషులకు వచ్చు గొంతు క్యాన్సరులు స్త్రీలకు వచ్చు గర్భాశయ ముఖ క్యాన్సరులకంటె సంఖ్యలో మించిపోయినవి. మనదేశమున నోటి, గొంతు క్యాన్సరులకు పెద్ద కారణము పొగాకు, గుట్కాలే; ఆ మాట దాచి టీకాను గొప్పచేయుట నాకిష్టము లేదు. కొడుకునకు టీకా వేయించు తండ్రి తన జేబులోని పొట్లమునుగూడ అవతల పాఱవేసినచో మేలు రెట్టింపగును.

టీకా పొందు ప్రాయము దాటిన తల్లులకు వేరుమార్గము గలదు. ముప్పదియేండ్లు దాటిన స్త్రీ ఏ చిహ్నమును లేకున్నను గర్భాశయ ముఖపరీక్ష చేయించుకొనవలయును. క్యాన్సరు కాకముందటి మార్పును అప్పుడే కనిపెట్టి తొలగింపవచ్చును. టీకా పొందిన కూతురును పెద్దదైన పిమ్మట ఈ పరీక్ష మానరాదు, ఏలన టీకా అన్ని రకముల వైరసులను ఆపదు. భార్యను పరీక్షకు గొనిపోవుటకు ఏ భర్తయైనను సిగ్గుపడినచో, ఆమె వ్యాధితో పడి యుండగా ఎం.ఎన్.జె. ఆసుపత్రి వరండాలో రాత్రులు గడపుట ఎట్టి గౌరవమో ఆలోచించుకొనవచ్చును.

ఇక బడులలో టీకా వేయువారికి ఒక విన్నపము. ఖమ్మములో జరిగినది మరల జరుగరాదు. సమ్మతిపత్రము తెలుగులో నుండవలయును. తండాలో లంబాడీ మాటలో, గూడెములో కోయ మాటలో చదివి వినిపింపవలయును. "నేను వేయించను" అను తల్లి మాటను వ్రాసికొని ఆమెను బెదరింపక విడిచిపెట్టవలయును. వసతిగృహపు పిల్లకైనచో తల్లిదండ్రులు వచ్చువఱకు వేచియుండవలయును. పదునైదు దినములు ఆలస్యమగును, కానిండు. పత్రముమీద ఆడపిల్లకొక గడియు, మగపిల్లవానికొక గడియు ఉండవలయును. రెండవ గడి ఈ యేడు ఖాళీగానే యుండినను ఫరవాలేదు, గడి కనబడినచో తండ్రి "ఇదేమి?" అని యడుగును.

మొన్న జనగామనుండి మిత్రుని యుత్తరము వచ్చినది. కుశలప్రశ్నల తరువాత అడుగున చిన్న అక్షరములతో, "మా అమ్మ మరల అడిగినది. వానికి పండ్రెండవ యేడు నడుచుచున్నది. ఎన్ని మోతాదులు వేయింపవలయునో కనుగొని వ్రాయుము. పిల్లకు వేసిన వైద్యుడే వేయునట, కాని వాడు మగపిల్లవాడని చెప్పగా కాంపౌండరు నవ్వినాడు" అని వ్రాసినాడు. పదునైదేండ్లు నిండకముందు మొదలిడిన వానికి ఇక్కడి వైద్యులు సాధారణముగా ఆఱునెలల యెడముతో రెండు మోతాదులు వ్రాయుదురనియు, కాంపౌండరు నవ్వును లెక్కపెట్టవలదనియు, పిల్లవానికి సూది వేయించునప్పుడు అమ్మనుగూడ వెంట గొనిపొమ్మనియు జాబు వ్రాసితిని.